పెద్దవాళ్లతో తొలి ఆర్‌వీ ప్రయాణం: నీళ్లు, కరెంటు, గ్యాసు, ట్యాంకుల లెక్కలు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఆర్‌వీ (లోపల ఇల్లు అమర్చిన బండి) అద్దెకు తీసుకునేది ఎక్కువగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలోనే. ఎల్లోస్టోన్‌లోనో యూటా పార్కుల్లోనో హోటళ్ల ధరలు చూశాక, వంటిల్లూ బాత్‌రూమూ వెంటే ఉంటే పెద్దవాళ్లకు సుఖమని తోస్తుంది. ఆలోచన మంచిదే. బండి తోలడం మొదటి పూటలోనే అలవాటైపోతుంది. ఇబ్బందులన్నీ వెనకున్న ఇంటితోనే. ఆ ఇంట్లో నీళ్లు ఇన్ని, కరెంటు ఇంత, మురుగు పట్టే చోటు ఇంత అని కొలత ఉంటుంది. ఆ కొలతలు ముందే తెలిస్తే ప్రయాణం హాయిగా సాగుతుంది. ఇక్కడ చెప్పేదంతా అద్దెకు తేలిగ్గా దొరికే 25 అడుగుల క్లాస్ సి బండిని దృష్టిలో పెట్టుకుని చెప్పేది. డ్రైవర్ సీటు పైన కూడా పరుపు ఉండే రకం అది.

బండి, పడకలు, బెల్టులు

ప్రకటనలో "ఆరుగురు పడుకోవచ్చు" అని ఉంటుంది. నలుగురికి మించితే ఇరుకే. డ్రైవర్ సీటు మీది పరుపు ఎక్కాలంటే నిచ్చెన కావాలి, కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది. అది పిల్లలకు వదిలేయండి. వెనక గది మంచం పెద్దవాళ్లకు ఇవ్వండి, రాత్రి బాత్‌రూముకూ అదే దగ్గర. పడకలు ఎన్నని అడిగేముందు సీటు బెల్టులు ఎన్నని అడగండి. పిల్లల కార్ సీటు బిగించడానికి ముందుకు తిరిగిన సీటు ఏదో, దానికి పట్టీ తగిలించే కొక్కెం ఉందో లేదో కూడా తేల్చుకోండి. చాలా బండ్లలో భోజనాల బల్ల దగ్గరి సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి. బండి కదులుతుండగా మంచం మీద పడుకోవడం, లేచి టీ పెట్టడం కుదరని పనులు. ఈ మాట అమ్మతో ముందే చెప్పి ఉంచండి.

ఇన్సూరెన్సు విషయంలో ఊహలు వద్దు. మీ కారు పాలసీ, క్రెడిట్ కార్డు పాలసీ మోటర్‌హోముకు చాలాసార్లు వర్తించవు. వర్తిస్తుందని ఈమెయిల్లో రాతపూర్వకంగా చెబితేనే నమ్మండి.

చోటు, దారి

జాతీయ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో చాలావాటి బుకింగ్ ఆరు నెలల ముందే తెరుచుకుంటుంది. తెరుచుకున్న పొద్దునే వేసవి వారాంతాలు అయిపోతాయి. ఎల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కు ఒక్కటే. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడికి గుడారాలను రానివ్వరు, గట్టి గోడలున్న బండ్లే ఉండాలి. అది దొరక్కపోతే పార్కు బయట వెస్ట్ ఎల్లోస్టోన్, గార్డినర్ ఊళ్లలో ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. యోసెమిటీ క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్పులే, అంటే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లే లేవు. మొదటిసారి వెళ్లేవాళ్లు కనీసం రెండు రాత్రులకొకసారి పూర్తి హుకప్ ఉన్న చోట దిగేలా చూసుకుంటే సగం బెంగ తగ్గుతుంది. బుక్ చేసేటప్పుడు "పుల్ త్రూ" అని ఉన్న సైటు ఎంచుకోండి. ఒక వైపు నుంచి లోపలికి, ఇంకో వైపు నుంచి బయటికి నేరుగా పోవచ్చు, రివర్సు బాధ ఉండదు.

ఫోనులోని మామూలు మ్యాపు మీది కారే అనుకుని దారి చెబుతుంది. మీ బండి ఎత్తు దాదాపు 12 అడుగులు, వెడల్పు అద్దాలతో కలిపి 10 అడుగుల దాకా. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకు అతికించండి, వంతెన ముందు ఆగి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. గ్లేషియర్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మధ్య భాగంలోకి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని పోనివ్వరు. అక్కడ బండి కింద నిలిపి షటిల్ ఎక్కడమే. జయాన్‌లోని మౌంట్ కార్మెల్ సొరంగానికీ ఎత్తు, వెడల్పు ఆంక్షలున్నాయి. 11 అడుగుల 4 అంగుళాలు దాటిన బండి ఉన్నవాళ్లు ఆ దారి లెక్కలోకి తీసుకోకుండానే ప్రయాణం వేసుకోవాలి. న్యూయార్కు చుట్టుపక్కల పార్క్‌వేల మీద వంతెనలు బాగా తక్కువ ఎత్తు, అటు వెళ్లనే కూడదు. న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు: బాల్టిమోర్‌లోని రెండు సొరంగాల్లోకీ 10 పౌండ్లు మించిన ప్రొపేన్ (బండిలోని వంటగ్యాసు) ట్యాంకును అనుమతించరు. ఇదివరకు కీ బ్రిడ్జి మీదుగా తప్పుకునేవారు. అది 2024 మార్చి 26న కూలిపోయింది. ఇప్పుడు 695 బెల్ట్‌వే పడమటి వైపు చుట్టి రావాలి.

సందర్శకుల వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు వెంట ఉంటే, పార్కు ప్రవేశ రుసుము ఎలా వర్తిస్తుందో ఆ పార్కు పేజీలో ముందే చూసుకోండి. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులకు ఒక ధర, కానివాళ్లకు వేరే ధర.

బండి చేతికి తీసుకునేటప్పుడు

అద్దె సంస్థవాళ్లు పదిహేను నిమిషాల్లో చూపించి పంపేయాలని చూస్తారు. మీరు గంట తీసుకోండి. వాళ్లు చెప్పేదంతా ఫోనులో వీడియో తీయండి. చీకట్లో, వానలో మురుగు వదిలే డంప్ వాల్వు వెతుక్కునేటప్పుడు ఆ వీడియోనే పనికొస్తుంది. బండి చుట్టూ, పైకప్పు అంచులు, టైర్లు కూడా తీసి పెట్టుకోండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ఏడేళ్లు దాటిన టైరుకు వేరే బండి అడగడం తప్పేమీ కాదు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కరు చెబుతుంది.

స్టవ్, ఏసీ, వేడినీళ్లు, జనరేటర్, నీళ్ల పంపు, టాయిలెట్ పెడలు అన్నీ మీ చేత్తో ఒకసారి వేసి ఆపండి. పొగ, గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ అలారాల మీది టెస్టు బటన్లు నొక్కండి. ఫ్రిజ్ ముందు రోజు రాత్రి నుంచే వేసి ఉంచమని అడగండి, గ్యాసుతో నడిచే రకం చల్లబడటానికి ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. మీరు పెట్టే పాలు, పెరుగు, ఇడ్లీ పిండి ముందే ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడినవై ఉండాలి.

వాళ్లివ్వకపోతే కొనుక్కోవాల్సినవి: తాగునీటి గొట్టం, నీటి పీడనం తగ్గించే రెగ్యులేటర్, 30 ఆంపియర్ల సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హెచ్చుతగ్గుల నుంచి బండిని కాపాడేది), 50 నుంచి 30కి మార్చే అడాప్టర్, లెవెలింగ్ దిమ్మెలు, చక్రాలకు అడ్డు పెట్టే చాక్స్, వాడి పారేసే చేతి తొడుగుల డబ్బా.

నడిపేటప్పుడు

వెనక చక్రాల తర్వాత బండి ఇంకా చాలా పొడవు మిగిలి ఉంటుంది. మీరు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు విసురుతుంది. పెట్రోలు బంకులో పంపు పక్కనుంచి బయటికి వచ్చేటప్పుడు తగిలే దెబ్బలన్నీ ఇవే. బండి సగం ముందుకు వచ్చాకే స్టీరింగ్ తిప్పండి. గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. గంటకు 60, 62 దగ్గర ఉంచితే పదికి దగ్గరగా, 72 పెడితే ఎనిమిదికి కిందికి. వయోమింగ్ గాలిలో ఎదురుగా పెద్ద ట్రక్కు దాటితే బండి ఊగుతుంది, అప్పుడు బ్రేకు వేయకుండా స్టీరింగ్ నిలకడగా పట్టుకుంటే చాలు. కొండ దిగేటప్పుడు టో/హాల్ బటన్ నొక్కి గేరుతో వేగం ఆపండి. బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. రోజుకు 300 మైళ్లు మించకుండా, వెలుగు ఉండగానే సైటుకు చేరేలా వేసుకోండి.

రివర్సు చేసేటప్పుడు దారి చూపేవాళ్లు ఒక్కరే ఉండాలి. డ్రైవర్ వైపు అద్దంలో కనబడుతూ, ఫోను కాల్‌లో ఉండాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి "రానీ రానీ" అంటే చెట్టుకొమ్మ పైకప్పును చీల్చినా ఎవరికీ కనబడదు. ఒక మనిషి పైకి కూడా చూస్తూ ఉండాలి.

సైటులో దిగాక వరుస

ముందు లెవెల్. ఫోనులో లెవెల్ యాప్ తెరిచి నేల మీద పెట్టి చూడండి. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద దిమ్మెలు వేసి ఎక్కించండి, తర్వాత చాక్స్ పెట్టండి. ఇది నిద్ర సుఖం కోసమే చేసే పని కాదు. గ్యాసు ఫ్రిజ్‌లో ద్రవం తన బరువుతోనే కిందికి పారాలి. బండి పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనకలకు 6 డిగ్రీలు మించి వాలి ఉంటే పారుదల ఆగి, గొట్టంలో గడ్డకట్టి, ఫ్రిజ్ శాశ్వతంగా పాడవుతుంది. స్లైడ్ అవుట్ (పక్కకు జరిగి లోపల చోటు పెంచే గోడ) ఉంటే లెవెల్ అయ్యాకే తెరవాలి.

తర్వాత కరెంటు. స్తంభం మీది బ్రేకర్ ఆపి, సర్జ్ ప్రొటెక్టర్ గుచ్చి, బ్రేకర్ వేసి దాని లైట్లు చూడండి. వైరింగ్ తప్పుగా ఉంటే అదే చెబుతుంది, అప్పుడు వేరే సైటు అడగండి. బాగుంటే మళ్లీ ఆపి, బండి తీగ తగిలించి, బ్రేకర్ వేయండి.

ఆ తర్వాత నీళ్లు. కుళాయిని నిమిషం పాటు వదిలేసి, రెగ్యులేటర్ బిగించి, దానికి గొట్టం తగిలించండి. రెగ్యులేటర్ 40 నుంచి 50 పీఎస్ఐ మధ్య ఉండాలి. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో పీడనం 80 దాటుతుంది, అంతటికి బండి లోపలి ప్లాస్టిక్ అతుకులు ఊడి మంచం కింద నీళ్లు చేరతాయి. మురుగు గొట్టం ఆఖరున.

ఆనింగ్ (బండి పక్కన నీడకు పరిచే గుడ్డ కప్పు) సంగతి ఒక్కమాట: అద్దె బండికి దాన్ని తెరవకపోవడమే నయం. ఒక్క గాలి విసురుకు వంగిపోతుంది, చాలా పాలసీల్లో దానికి కవరేజీ ఉండదు.

కరెంటు ఎంత

30 ఆంపియర్ల తీగ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. గంటల తరబడి అయితే 24 ఆంపియర్లు, అంటే 2,900 వాట్ల లోపే వాడాలి. ఏసీ సుమారు 1,500, మైక్రోవేవ్ 1,400, కరెంటు మీద వాటర్ హీటర్ 1,400, ఎలక్ట్రిక్ కెటిల్ 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000, మిక్సీ 550. ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్ పెట్టొచ్చు. దానికి తోడు కెటిల్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. వాటర్ హీటర్ను గ్యాసు మీద ఉంచేస్తే పొద్దున కాఫీ సమయంలో గొడవ ఉండదు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడి కరెంటుతో సరిగ్గా తిరగదు, అమెరికాలో దొరికే 110 వోల్టులదే తీసుకెళ్లండి. ఇంకా మంచి మార్గం, పచ్చళ్లూ పొడులూ ఇంటి దగ్గరే రుబ్బి పట్టుకెళ్లడం.

హుకప్ లేని చోట బ్యాటరీ మీద నడిచేవి లైట్లు, నీళ్ల పంపు, ఫ్యాను, ఫర్నేస్ (గది వేడి చేసే గ్యాసు హీటర్) మాత్రమే. అద్దె బండ్లలో చాలావాటికి ఇన్వర్టర్ ఉండదు కాబట్టి గోడ ప్లగ్గులు, మైక్రోవేవ్ జనరేటర్ వేస్తే తప్ప పనిచేయవు. జనరేటర్ బండి పెట్రోలే తాగుతుంది, ట్యాంకు పావుకు చేరగానే ఆగిపోతుంది. బండి కదలడానికి మిగలాలని అలా అమర్చారు. ఎల్లోస్టోన్‌లో రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు జనరేటర్ వేయకూడదు. నిద్రకు ఊపిరి యంత్రం వాడే పెద్దవాళ్లు ఉంటే హుకప్ లేని రాత్రి పెట్టుకోవద్దు, లేదా దానికి విడిగా బ్యాటరీ తీసుకెళ్లండి.

చలి లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. ఎల్లోస్టోన్‌లో జూన్, సెప్టెంబరు రాత్రుల్లో కూడా నీళ్లు గడ్డకట్టే చలి పడుతుంది. ఫర్నేస్ గ్యాసుతో వేడి చేసినా దాని ఫ్యాను బ్యాటరీ నుంచి 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. రాత్రిలో అయిదు గంటలు తిరిగితే 40 ఆంపియర్ గంటలు. 100 ఆంపియర్ గంటల మామూలు లెడ్ బ్యాటరీలో వాడుకోదగినది సగమే. అంటే లైట్లు కూడా కలిస్తే తెల్లారేసరికి ఫర్నేస్ క్లిక్‌మంటూ ఆగిపోతుంది. థర్మోస్టాట్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి రెండేసి దుప్పట్లు ఇవ్వండి. స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవడం ప్రాణాంతకం. గడ్డకట్టే రాత్రి నీళ్ల గొట్టం ఊడదీసి ఖాళీ చేసి, బండి ట్యాంకులోని నీళ్లే పంపుతో వాడుకోండి.

నీళ్లు, స్నానాలు

మంచినీళ్ల ట్యాంకు సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు. బండి చాలాకాలం వాడకుండా ఉంటే ముందు శుద్ధి చేయాలి: వాసన కలపని మామూలు బ్లీచు 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున, 40కి కప్పులో మూడింట రెండు వంతులు, నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి నింపండి. ప్రతి కుళాయిలోనూ బ్లీచు వాసన వచ్చేదాకా పంపు వేయండి. నాలుగు గంటలు ఉంచి, ఖాళీ చేసి, వాసన పోయేదాకా కడగండి. తాగడానికి మాత్రం క్యాను నీళ్లే వాడటం మేలు.

వేడినీళ్ల ట్యాంకు 6 గ్యాలన్లే. షవరు కింద నిలబడి వదిలేస్తే అయిదు నిమిషాల్లో చల్లబడుతుంది. ఒళ్లు తడుపుకుని ఆపి, సబ్బు రాసి, మళ్లీ వేసుకుంటే ఒకరికి రెండు గ్యాలన్లు సరిపోతాయి. మన పెద్దవాళ్లకు దీనికన్నా చిన్న బకెట్టు, మగ్గు ఇస్తే లెక్క తేలిక. బకెట్టు అంటే బకెట్టే. ఇద్దరి స్నానాల మధ్య ఇరవై నిమిషాలు వదిలితే నీళ్లు మళ్లీ కాగుతాయి.

బ్లాక్ ట్యాంకు

అందరూ భయపడేది దీనికే. సరిగ్గా చేస్తే పది నిమిషాల పని. సింకు, స్నానం నీళ్లు గ్రే ట్యాంకులోకి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకులోకి పోతాయి. బ్లాక్ ట్యాంకుకు నీళ్ల కరువే అసలు శత్రువు. నీళ్లు తక్కువై కాగితం ఎక్కువైతే అడుగున ముద్ద కట్టి గట్టిపడుతుంది, వాల్వు తెరిచినా జారదు. ఈ విషయంలో చెంబు వాడే మన అలవాటు ట్యాంకుకు మేలే చేస్తుంది. కాకపోతే త్వరగా నిండుతుంది. ఒక్కసారికి ఫ్లష్, చెంబు కలిపి 2 లీటర్లు అనుకుంటే నలుగురికి రోజుకు 20 సార్లకు 40 లీటర్లు, పది గ్యాలన్లకు పైనే. 27 గ్యాలన్ల ట్యాంకు రెండున్నర రోజుల్లో నిండినట్టే. రెండు రోజులకొకసారి డంప్ అని ముందే రాసుకోండి. లోపలి మీటర్లను నమ్మొద్దు. సెన్సారుకు కాగితం అతుక్కుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే చూపిస్తుంది.

కాగితం వాడేవాళ్లకు ఆర్‌వీ రకం, లేదా సీసా నీళ్లలో వేసి ఊపితే విడిపోయే రకం ఇవ్వండి. తడి వైప్స్ మీద "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్నా వేయకూడదు. హుకప్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేయడం చాలామంది చేసే తప్పు. నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోయి ఘనపదార్థం కుప్పగా మిగులుతుంది. మూసి ఉంచి, మూడు వంతులు నిండాకే వదలాలి.

1. చేతి తొడుగులు వేసుకుని, రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూసుకున్నాకే మూత తీయండి.
2. గొట్టం బండి మూతికి తిప్పి బిగించండి, లాగి చూడండి. రెండో కొస డంప్ గుంటలోకి కనీసం అరడుగు దించి, పైన రాయి లేదా మూత బరువు పెట్టండి.
3. ముందు బ్లాక్ వాల్వు పూర్తిగా ఒక్క లాగుడుతో తెరవండి. చప్పుడు ఆగాక లోపలి నుంచి ఒకరు టాయిలెట్‌లో రెండు బకెట్ల నీళ్లు పోయాలి. వచ్చే నీళ్లు తేటగా అయ్యాక వాల్వు మూయండి.
4. తర్వాత గ్రే తెరవండి. ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. అందుకే హుకప్ సైటులో డంప్‌కు ముందు రోజు నుంచి గ్రే వాల్వు మూసి నీళ్లు నిల్వ చేయాలి.
5. రెండూ మూసి, గొట్టం బండి వైపు నుంచి ఎత్తుతూ గుంటలోకి వంపి, అప్పుడు తీయండి. కడగడానికి డంప్ స్టేషన్ గొట్టం వాడండి, మీ తాగునీటి గొట్టం దరిదాపులకు రాకూడదు.
6. టాయిలెట్‌లో రెండు గ్యాలన్ల నీళ్లు, ట్యాంకు మందు వేసి పెడలు నొక్కండి. ఖాళీ ట్యాంకును పొడిగా వదిలితే వాసన మొదలవుతుంది.

లోపల వాసన వస్తుంటే ముందు టాయిలెట్ గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు నిలుస్తున్నాయా చూడండి. నిలవకపోతే అడుగు రబ్బరు సీల్ మురికి పట్టింది, తుడిస్తే సరిపోతుంది. నడుస్తున్న బండిలో పైకప్పు ఫ్యాను తెరిచి ఉంచినా ట్యాంకు గాలి లోపలికి లాగుతుంది.

వంట

స్టవ్ మీద తాళింపు వేసేముందు బండి బయట, చిమ్నీ ఎదురుగా ఉన్న రేకు మూత తెరవండి. ప్రయాణంలో ఊగకుండా దానికి చిన్న క్లిప్పులు ఉంటాయి, అవి తీయకపోతే ఫ్యాను ఎంత తిరిగినా ఎండుమిర్చి ఘాటు లోపలే ఉండి అలారం మోగుతుంది. అలారాన్ని బట్టతో కప్పొద్దు, పైకప్పు వెంటు, ఎదురు కిటికీ తెరవండి. పూరీలు, వేపుళ్లు, చేపలు బయట బల్ల మీద సింగిల్ బర్నర్ స్టవ్ పెట్టి చేసుకుంటే పరుపులకు వాసన పట్టదు.

ఎల్లోస్టోన్ సరస్సు దగ్గర ఎత్తు 7,700 అడుగులకు పైనే. అక్కడ నీళ్లు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు గంట ఉడికినా పలుకు మిగులుతుంది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. పప్పు అరగంట నానబెట్టి, ఇంటి దగ్గర పెట్టే కూతలకు మరో రెండు కలపండి. అన్నానికీ అరకప్పు నీళ్లు ఎక్కువ. మొదటి రెండు రోజులకు పులిహోర, ఆ తర్వాత పెసరపప్పు, రసం, కందిపొడి, గోంగూర పచ్చడి, పెరుగు ఉంటే పెద్దవాళ్లు రెస్టారెంటు ఊసెత్తరు. చల్లటి రాత్రుల్లో పెరుగు తోడుకోదు. గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెను దుప్పటి చుట్టి ఐస్ బాక్సులో పెట్టి మూయండి.

సింకులో నూనె, గంజి, పప్పు తొక్కులు పోయనే కూడదు. గ్రే ట్యాంకులో అవి పులిసి రెండో రోజుకు కంపు కొడతాయి. గిన్నెలు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ తర్వాతే కడగండి.

ఎలుగుబంట్ల ప్రాంతంలో బయట వండితే తినగానే గిన్నెలు, నూనె సీసా, చెత్త, ఐస్ బాక్సు అన్నీ బండి లోపలికి చేర్చి తలుపులూ కిటికీలూ మూయాలి. చెత్తను ఎలుగు తెరవలేని డబ్బాలోనే వేయాలి. ఎలుగులకు, తోడేళ్లకు 100 గజాలు, బైసన్‌లకు 25 గజాల దూరం పార్కు నిబంధన. సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో నడిచే తాతయ్యకు ఇది ముందే చెప్పాలి, బైసన్ గేదెలా సాధువుగా కనబడుతుంది కానీ ఒక్కసారిగా పరుగెత్తుకొస్తుంది.

మంట వేసుకునే ముందు ఆ రోజు నిషేధం ఉందేమో గేటు దగ్గర బోర్డు చూడండి. కట్టెలు అక్కడే కొనండి. ఇంటి నుంచి తెచ్చిన కట్టెలతో చెట్లను చంపే పురుగులు ఊళ్లు దాటతాయి. మంటలు తగ్గి నిప్పులయ్యాక జాలీ మీద మొక్కజొన్న పొత్తులు పెట్టి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాస్తే ఆ పూటకు వేరే వంట అక్కర్లేదు. పడుకునేముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, చెయ్యి దగ్గర పెడితే వేడి తగలకూడదు. రాత్రి 10 తర్వాత పాటలు, వీడియో కాల్స్ బండి లోపలే.

కదిలేముందు

ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు బండి చుట్టూ తిరగాలి. లోపల ఫ్రిజ్ తలుపు గొళ్లెం, అరల తలుపులు, స్టవ్ మీది కుక్కరు, పైకప్పు వెంట్లు. బయట బ్రేకర్ ఆపి తీసిన తీగ, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, మెట్టు, చాక్స్, చిమ్నీ మూత క్లిప్పులు. ప్రొపేన్ వాల్వు మూసి నడపడమే క్షేమం. నాలుగైదు గంటలు తలుపు తెరవకపోతే ఫ్రిజ్ చల్లగానే ఉంటుంది. ఎలాగూ పెట్రోలు బంకులో దూరేముందు గ్యాసుతో వెలిగేవన్నీ ఆపాల్సిందే.

బండి తిరిగి ఇచ్చే రోజు డంప్, పెట్రోలు, ప్రొపేన్ మూడూ అద్దె సంస్థకు ఇరవై మైళ్ల లోపు ఎక్కడ దొరుకుతాయో ముందు రాత్రే చూసుకోండి. ట్యాంకులు ఖాళీ చేయకుండా ఇస్తే అదనంగా వసూలు చేస్తారు. డంప్ అయ్యాక వాల్వుల ఫోటో, పెట్రోలు రసీదు, మైళ్ల మీటరు ఫోటో తీసి, డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఉంచుకోండి.